ఇంజనుకి నంబరుంది, మనిషికీ నంబరుంది

ఈమధ్య ఒక ఇంగ్లిష్ రైలు పత్రికలో చెరకు రైళ్ళ మీద పెద్ద వ్యాసం చదివాను. ఫిజీ దీవుల్లో చెరకు లాగిన బుల్లి ఆవిరి ఇంజన్ల గురించి. ఒక్కో ఇంజను ఏ కార్ఖానాలో పుట్టింది, తయారీ నంబరెంత, సిలిండరు కొలతెంత, ఏ ఏడు బాయిలరు మార్చారు, ఏ షెడ్డు వెనక ఎన్నేళ్ళు తుప్పు పట్టింది, చివరికి ఎవరు కొన్నారు, అన్నీ ఉన్నాయి. రాసినాయన ఏళ్ళ తరబడి కూర్చుని పోగుచేసి ఉంటాడు. ఆ ఓపికకి దణ్ణం పెట్టాలనిపించింది. అంత పెద్ద వ్యాసంలోనూ మనుషుల గురించి ఉన్నది ఒకే ఒక్క వాక్యం: చెరకు నరికే పని భారతీయ కూలీలు చేసేవారు.

ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను. ఆ కూలీల్లో తెలుగువాళ్ళున్నారు. ఐదేళ్ళ ఒప్పందం మీద విశాఖపట్నం, గోదావరి, కృష్ణా, ఉత్తర ఆర్కాటు జిల్లాల నుంచి మద్రాసులో కూలీల్ని ఓడెక్కించే డిపోకి చేరి, అక్కణ్ణించి ఓడెక్కినవాళ్ళు. ఇంజనుకి ఉన్నట్టే వాళ్ళలో ప్రతి ఒక్కరికీ ఒక నంబరుంది. ఇంజను నంబరు దాని పలక మీద ఉంటుంది, మనిషి నంబరు ఎమిగ్రేషన్ పాసు మీద, అంటే ఓడెక్కేముందు ఒక్కొక్కరి పేరునా రాసిన వలస కాగితం మీద, ఉంటుంది. రెండు జాబితాలూ ఇప్పటికీ ఉన్నాయి. తోటల్లో పనిచేసిన ఒక ఇంజను చరిత్ర రాయాలంటే ఈ రెండూ ముందు పెట్టుకుని రాయాలని నేను గట్టిగా అనుకుంటున్నాను. పాత ఇంజన్లని కాపాడి చూపిస్తున్న చోట వాటి పక్కన పెట్టే బోర్డు మీద కూడా రెండూ ఉండాలి.

ఈ మాట అనడం తేలికే. ఆలోచిస్తూ పోతే అడ్డొచ్చేవి చాలా ఉన్నాయి, వాటిలో కొన్నిటికి నా దగ్గర పూర్తి జవాబు లేదు కూడా.

రెండడుగుల దారి

ఈ ఇంజన్లు చూడగానే అందరూ బొమ్మ రైలంటారు. అంత చిన్నగా ఎందుకు చేశారో తెలిస్తే ఆ మాట అనబుద్ధి కాదు. చెరకు పొలంలో శాశ్వతంగా పట్టాలు వెయ్యలేరు. ఈ వారం ఈ మడి నరుకుతారు, వచ్చే వారం పక్కది. అందుకని ఇనుప స్లీపర్లకి పట్టాలు ముందే బిగించి ముక్కలుగా తయారుచేసేవారు. మనుషులు ఆ ముక్కల్ని మోసుకెళ్ళి పొలంలో పరిచేవారు, కోత అయిపోగానే మళ్ళీ ఎత్తి ఇంకోచోట వేసేవారు. ఈ పద్ధతిని ప్రపంచానికి అమ్మినవాళ్ళలో ముఖ్యుడు పాల్ డెకోవిల్ అనే ఫ్రెంచి రైతు. 1870ల్లో తన పొలంలోని బీట్ దుంపలు బురదలోంచి బయటికి రాకపోతే ఈ దారి పట్టాడు.

మనిషి మోయగలగాలంటే పట్టా సన్నగా ఉండాలి. సన్నటి పట్టా మీద బరువైన ఇంజను ఎక్కితే వంగిపోతుంది. ఫిజీలో పొలంలో వేసిన ఆ తాత్కాలిక దారి మీద బండ్లని ఎడ్లో గుర్రాలో లాగేవి, అసలు లైను దగ్గర ఇంజను అందుకునేది. ఆ అసలు లైను కూడా అదే వెడల్పుండాలి, పొలంలో నింపిన బండి మధ్యలో ఎక్కడా దించకుండా నేరుగా మిల్లు దాకా పోవాలి కాబట్టి. ఆ వెడల్పు రెండడుగులు. మన బ్రాడ్‌గేజి ఐదున్నర అడుగులు. దానికి తగ్గట్టే ఇంజను తేలిగ్గా ఉండాలి, చక్రాలు చిన్నగా ఉండాలి, ఇరుకు మలుపుల్లో తిరగాలి, ఎగుడుదిగుడు దారి మీద పడిపోకుండా నడవాలి, పక్కనున్న ఎండు చెరకాకు అంటుకోకుండా పొగగొట్టంలో నిప్పురవ్వల్ని ఆపే ఏర్పాటుండాలి. వీటన్నిటితోపాటు, పెద్ద ఇంజనీర్లు దొరకని చోట కమ్మరిపని తెలిసినవాడు కూడా బాగుచేసుకోగలగాలి. ఇన్ని షరతులకి లొంగి పనిచేసిన యంత్రమది. మెయిన్ లైను మీద గంటకి వంద మైళ్ళు పరిగెత్తిన ఇంజన్లకున్న పేరు వీటికి రాలేదు. నా మటుకు నాకు ఇవే గొప్పగా కనిపిస్తాయి.

వీటిని తయారుచెయ్యడమే వృత్తిగా పెట్టుకున్న కార్ఖానాలుండేవి. ఇంగ్లండులో లీడ్స్ నగరంలోని జాక్ లేన్ అనే ఒక్క వీధిలోనే హన్స్‌లెట్, హడ్స్‌వెల్ క్లార్క్ రెండూ ఉండేవి. జాన్ ఫౌలర్ కార్ఖానా కూడా ఆ పేటలోనే. స్టాఫర్డ్‌లో బ్యాగ్నల్, స్టోక్‌లో కెర్ స్టువర్ట్, బ్రిస్టల్‌లో అవాన్‌సైడ్, జర్మనీలో ఓరెన్‌స్టైన్ అండ్ కోపెల్. చెరకు పండే వలసరాజ్యాలు వీళ్ళకి పెద్ద ఖాతాదారులు.

నేను చెప్పబోయే ఇంజను హడ్స్‌వెల్ క్లార్క్ వాళ్ళది. తయారీ నంబరు 972, సంవత్సరం 1912, ఆరు చక్రాలు. కొన్నది ఆస్ట్రేలియాకి చెందిన కొలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీ, అందరూ సీఎస్‌ఆర్ అంటారు. పనిచేసింది ఫిజీలోని లౌటోకా మిల్లులో. ఇప్పుడు ఇంగ్లండులో టామ్‌వర్త్ దగ్గర స్టాట్‌ఫోల్డ్ అనే చోట, ఒంటి మీద ‘ఫిజీ’ అన్న పేరుతో, మళ్ళీ ఆవిరి పోసుకుని నడుస్తోంది.

నరికిన చెరకు ఆగదు

మాది అనకాపల్లి వైపు. మా చిన్నాన్న నలభై ఏళ్ళు చెరకు వేశాడు. ఈ ఇంజన్ల సంగతి ఫోన్లో చెప్తే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, “నరికినాక ఎంతసేపట్లో మిల్లుకెళ్ళేదిరా?” అని. రైలు పత్రికల్లో ఈ ప్రశ్న వేసినవాళ్ళు నాకు కనపడలేదు. చెరకు రైతుకి మాత్రం మొదట తట్టేది ఇదే.

“ఒక్క పూట ఆలస్యమైనా తూకం పడిపోద్ది. రెండ్రోజులైతే రసం పులుస్తది. కటింగ్ ఆర్డరొచ్చాక బండి రాకపోతే ఆ టెన్షన్ నీకేం తెలుసు? పొలంలో ఎండిపోతా ఉంటది, మనం రోడ్డు మీద నిలబడి చూస్తా ఉంటాం. చివరికి రికవరీ రాలేదని, అంటే చెరకులోంచి పంచదార తక్కువ దిగిందని, మన లెక్కలోనే కోస్తారు.”

చిన్నాన్న చెప్పిన ఈ తొందరే ఇంజనుకీ కూలీకీ మధ్య ఉన్న అసలు లంకె. మిల్లు రోలర్లు సీజన్‌లో రాత్రింబవళ్ళు తిరుగుతాయి, ఆగితే కంపెనీకి నష్టం. రోలర్లు ఆగకూడదంటే యార్డులో చెరకు బండ్లు ఎప్పుడూ ఉండాలి. అవి ఉండాలంటే ఇంజను వేళకి రావాలి. ఇంజను వచ్చేసరికి పొలం అంచున బండ్లు నిండి ఉండాలి. వాటిని నింపాల్సింది కూలీ. చెరకు కొట్టి, ఆకు దూసి, మొవ్వు తీసేసి, మోపు కట్టి, భుజాన పెట్టుకుని బండి దాకా మొయ్యాలి. ఎద్దుబండి రోజుల్లో ఆలస్యానికి కొంత చోటుండేది. పట్టాలొచ్చాక మిల్లు వేగం నేరుగా పొలంలోకి వచ్చేసింది.

ఫిజీ తోటల్లో దీన్ని టాస్కు అనేవారు. ఒక రోజులో ఒక మనిషి ఇంత పని చెయ్యాలని ఓవర్సీరు కొలిచి ఇచ్చేవాడు. టాస్కు పూర్తిచేస్తే మగవాడికి షిల్లింగు, అంటే పన్నెండు పెన్నీలు, ఆడమనిషికి తొమ్మిది పెన్నీలు. పూర్తికాకపోతే కోత. పనికి రాకపోయినా, పని తక్కువ చేసినా కోర్టుకి ఈడ్చే చట్టం ఉండేది. అంటే కూలీ తగాదా కూలీ తగాదాగా ఉండేది కాదు, అది నేరమయ్యేది. ఉండటానికి వరసగా కట్టిన గదులు, వాటిని లైన్లనేవారు. చాలాకాలం ఒక్కో గది పదడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు. పెళ్ళికానివాళ్ళయితే ముగ్గురికొకటి, కాపురమున్నవాళ్ళయితే ఇల్లంతటికీ అదే.

కాబట్టి ఇంజను ఒకచోట, కూలీల చరిత్ర ఇంకోచోట అని విడదీసే పద్ధతి నాకు సరిగా అనిపించదు. ఆ ఇంజను ఎంత బరువు లాగేదో రాసినప్పుడు ఆ బరువు బండిలోకి ఎవరి భుజాల మీంచి ఎక్కిందో రాయడం విషయం మార్చడం కాదు. అది ఆ లెక్కలోని రెండో వరసే.

పాసు మీద ఏముంటుంది

ఆక్లండులో ఉండే ఒకావిడ తెలిసినవాళ్ళ ద్వారా నాకు మెయిల్ పంపింది. పుట్టింది లౌటోకాలో. 1987లో ఫిజీలో సైన్యం తిరగబడ్డాక చాలా భారతీయ కుటుంబాలు ఆస్ట్రేలియాకి, న్యూజిలాండుకి వెళ్ళిపోయాయి. వాళ్ళదీ అలాంటి కుటుంబమే. తెలుగు రాదు, ఇంట్లో ఫిజీ హిందీ మాట్లాడతారు. వాళ్ళ ముత్తాత పాసు కాపీ సంపాదించింది, అందులో ఊరి పేరేంటో కనుక్కోవాలని ఆశ.

ఆ కాగితం చూస్తూ చాలాసేపు ఉండిపోయాను. అచ్చువేసిన ఫారం, మధ్యమధ్యలో చేతిరాత. ఓడ పేరు, పాసు నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, దగ్గరి బంధువు ఎవరు, పెళ్ళయితే ఎవరితో, జిల్లా, తాలూకా, గ్రామం. ఆ తర్వాత ఎత్తు, అడుగులూ అంగుళాల్లో. ఆ తర్వాత ఒంటిమీద గుర్తులు. ఎడమ మోకాలి కింద మచ్చ అని రాశారు. కింద డాక్టరు సంతకం, ఈ మనిషి పనికి తగినవాడు అని. పక్కన ప్రొటెక్టర్ (వలసల్ని చూసే ప్రభుత్వ అధికారి) సంతకం, ఈ మనిషికి షరతులన్నీ చెప్పాం, ఇష్టపడే వెళ్తున్నాడు అని.

లీడ్స్ కార్ఖానా రిజిస్టర్లలో ఇంజనుకి రాసేవీ దాదాపు ఇవే రకం గళ్ళు. నంబరు, తేదీ, కొలతలు, ఎవరికి పంపారు. రెండు కాగితాలూ ఒకే కాలంలో, ఒకే సామ్రాజ్యంలో, ఒకే మిల్లుకి సరుకు పంపడానికి రాసినవి. పాసులో ఉన్న మనిషి ముప్పయ్యేళ్ళవాడు. ఊళ్ళో అతన్ని ఎవరెవరు ఏమని పిలిచేవారో, ఎందుకు బయల్దేరాడో రాయడానికి అందులో గడి లేదు.

గ్రామం పేరు గుమాస్తా తనకి వినపడినట్టు ఇంగ్లిష్‌లో రాసుకున్నాడు. చదివితే కొత్తపాలెం అనిపిస్తుంది. చిన్నాన్నకి వాట్సాప్‌లో పంపాను.

“కొత్తపాలేలు మన చుట్టుపక్కలే నాలుగున్నాయిరా. తాలూకా ఏంటో చూడు ముందు.”

“తాలూకా అక్షరాలు చెరిగిపోయాయి చిన్నాన్నా. సర్వసిద్ధి కావచ్చు.”

“సర్వసిద్ధి తాలూకా ఎప్పుడో పోయింది కదా. తండ్రి పేరు, కులం చెప్పు, ఎవరైనా పెద్దోళ్ళుంటే అడుగుదాం. ఇంటిపేరు రాయలేదా వాళ్ళు?”

రాయలేదు. ఇంటిపేరు గడి ఆ ఫారంలో లేదు. తెలుగువాళ్ళకి ఊరిలో వంశాన్ని పట్టించేది ఇంటిపేరే. అదొక్కటుంటే ఇవాళ పని సగం తేలికయ్యేది.

ఫిజీకి 1879 నుంచి 1916 దాకా 60,965 మందిని ఇలా తీసుకెళ్ళారు. మొదట్లో అందరూ కలకత్తా నుంచే. ఉత్తరాదిలో మనుషులు దొరకడం కష్టమయ్యాక మద్రాసు వైపు చూశారు. మద్రాసు నుంచి మొదటి ఓడ ‘ఎల్బ్’ ఫిజీ చేరింది 1903లో. లౌటోకా మిల్లు తెరిచింది కూడా 1903లోనే. అక్కణ్ణించి 1916 దాకా పదిహేను వేలమందికి పైగా మద్రాసు మీదుగా వెళ్ళారు. 972వ నంబరు ఇంజను వెళ్ళింది సరిగ్గా ఈ మధ్యలో. మనిషికి ఒప్పందం ఐదేళ్ళు. సొంత ఖర్చు లేకుండా తిరిగి రావాలంటే మొత్తం పదేళ్ళుండాలి. ఆ లోపల అన్నం, భాష, పండగ అన్నీ వేరే. పనిచేయించే సర్దార్లు చాలాచోట్ల హిందీవాళ్ళు. ఫిజీ తోటల్లో ఆత్మహత్యలు ఎంత ఎక్కువగా ఉండేవో ఆనాటి ప్రభుత్వ రికార్డులే చెప్తాయి. 1915లో గాంధీ మిత్రుడు సి.ఎఫ్. ఆండ్రూస్, ఆయన సహచరుడు పియర్సన్ ఫిజీ వెళ్ళి చూసొచ్చి రాసిన తర్వాత మన దేశంలో గొడవ పెద్దదైంది. మిగిలిన ఒప్పందాలన్నీ రద్దయింది 1920 జనవరి 1న.

మిత్రుడి అభ్యంతరాలు

నాకొక ఇంగ్లిష్ మిత్రుడున్నాడు. రిటైరయ్యాక పాత ఆవిరి ఇంజన్లు నడిపే ఒక చిన్న రైలు దగ్గర వాలంటీరుగా చేస్తాడు, శనాదివారాలు బొగ్గు వేస్తాడు. ఈ విషయం మీద అతనితో చాలాసార్లు మాట్లాడాను. అతని మాటల్ని కొట్టిపారెయ్యలేను.

మొదటిది, ఇంజను ఎవర్నీ కూలీ చెయ్యలేదంటాడు. ఒప్పుకుంటాను. పట్టాలు రాకముందు కూడా తోటలున్నాయి, ఒప్పంద కూలీలున్నారు. మారిషస్‌కి మనవాళ్ళు వెళ్ళడం మొదలైంది అక్కడ రైళ్ళు రాకముందే. ఇంజను లేకపోతే అదే చెరకు మనుషులూ ఎడ్లూ ఇంకా ఎక్కువ దూరం మోసేవాళ్ళు. కొంత బరువు అది దించింది కూడా. కానీ బోర్డు మీద మనుషుల పేర్లు రాయమనడం ఇంజను మీద నేరం మోపడం అవ్వదు. దేవాలయం కట్టిన రాజు పేరుతోపాటు రాళ్ళు మోసినవాళ్ళ సంగతి రాస్తే దేవాలయం తప్పు చేసినట్టా?

రెండోది, పిల్లలు ఆదివారం సరదాగా వస్తారు, వాళ్ళకి ఈ బరువెందుకని. ఇది వినడానికి బాగుంటుంది గానీ నేను ఒప్పుకోను. పిల్లలకి నిజం చెప్పొచ్చు, చెప్పే తీరులో చెప్పాలి. అక్కడికొచ్చే పిల్లల్లో ఈ రోజుల్లో మన పిల్లలూ ఉంటున్నారు. తమ జిల్లా పేరు ఆ ఇంజను కథలో ఉందని తెలిస్తే వాళ్ళు దాన్ని ఇంకాస్త దగ్గరగా చూస్తారు.

మూడోదే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. ఫలానా ఇంజనుకి ఫలానా మనిషి చెరకు నింపాడని ఏ రిజిస్టరూ చెప్పదు. పాసుల ద్వారా తెలిసేది మహా అయితే ఏ ఓడలో వచ్చాడు, ఏ తోటకి పంపారు అన్నంతవరకే. ఇంజను దగ్గర ఒక పేరు రాస్తే అది ఊహ అవుతుంది, ఊహని చరిత్రగా రాయకూడదు అంటాడు. న్యాయమైన మాట. అందుకే నేనడిగేది ఒక పేరుని ఒక ఇంజనుకి అంటగట్టమని కాదు. లౌటోకా మిల్లు తోటలకి ఏ ఏళ్ళలో ఎంతమంది వచ్చారు, ఏ జిల్లాల నుంచి వచ్చారు, వాళ్ళ పాసుల్లో ఒకటి ఎలా ఉంటుంది, ఇంతవరకు కచ్చితంగా చెప్పొచ్చు. ఇంజను చరిత్ర రాసేవాళ్ళు కూడా దొరకని చోట ‘బహుశా’ అనే రాస్తారు. ఆ క్రమశిక్షణ ఇక్కడా సరిపోతుంది.

నాలుగోది అతను చెప్పలేదు, ఆక్లండు ఆవిడ మాటల్లో వచ్చింది. సీఎస్‌ఆర్ వాళ్ళు తమ చెరకు లైను మీద జనాన్ని ఎక్కించుకునే రైలు కూడా నడిపేవారు. ప్రభుత్వంతో చేసుకున్న ఒప్పందం ప్రకారం టిక్కెట్టు లేకుండా, ఉచితంగా. సింగటోకా లోయలో కవనగసావు నుంచి లౌటోకా మీదుగా బా ఊరి దగ్గర రరవై దాకా. గట్టు పక్కన నిలబడి ఎక్కేవారు, కూరగాయల బుట్టలతో సంతకి, పిల్లల్ని తీసుకుని చుట్టాలింటికి. ఆవిడ వాళ్ళమ్మ కాపురానికి ఆ రైల్లోనే వెళ్ళిందట. వాళ్ళింట్లో ఆ రైలంటే అందరికీ ప్రేమే. “మా వాళ్ళు కంపెనీని తిట్టేవారు, రైలుని ఎవరూ తిట్టలేదు” అంది.

ఇది విన్నాక నా వాదన కొంచెం మారింది. కూలీల పేరుతో ఇంజను పక్కన రాసేదంతా బాధే అయితే అదీ సగం కథే. ఒప్పందాలు పోయాక వాళ్ళు కౌలు రైతులయ్యారు, అదే కంపెనీకి చెరకు అమ్మారు, వాళ్ళ కొడుకులు మిల్లు షెడ్లలో, ఇంజన్ల మీద ఉద్యోగాలు చేశారు. ముత్తాత బండి నింపిన లైను మీదే మనవడు డ్రైవరయ్యే వీలుంది. బోర్డు మీద ఆ రెండో భాగం కూడా ఉండాలి.

కాస్‌లో చేసి చూపించారు

ఇదంతా కుదిరే పనేనా అని అడిగేవాళ్ళకి నేను అమెరికాలోని కాస్ ఊరు చూపిస్తాను. వెస్ట్ వర్జీనియా కొండల్లో కాగితం కంపెనీ 1901లో కట్టిన ఊరది. అడివిలో చెట్లు కొట్టి, దుంగల్ని ఆవిరి ఇంజన్లతో కిందికి దించేవారు.

అక్కడివి షే ఇంజన్లు. మిషిగన్‌లో కలప వ్యాపారం చేసుకునే ఇఫ్రేమ్ షే తన అడివి కోసం తనే ఆలోచించుకున్న పద్ధతి, 1881లో పేటెంటు తీసుకున్నాడు. మామూలు ఇంజనుకి సిలిండర్లు అడ్డంగా ఉండి కడ్డీలతో చక్రాల్ని తిప్పుతాయి. షే ఇంజనుకి సిలిండర్లు నిలువుగా, కుడిపక్కన వరసగా ఉంటాయి. బరువు సరితూగడానికి బాయిలరు ఎడమకి జరిగి ఉంటుంది. సిలిండర్లు ఒక పొడవాటి షాఫ్టుని తిప్పుతాయి, అది పళ్ళచక్రాల ద్వారా కిందున్న ప్రతి చక్రాన్నీ తిప్పుతుంది. వేగం తక్కువ, పట్టు ఎక్కువ. కాస్‌లో వందడుగులకి పదకొండడుగులు ఎక్కే ఎత్తు మీద ఇవి ఇప్పటికీ నడుస్తాయి. లైమా కార్ఖానా 1905లో చేసిన 5వ నంబరు షే ఇంకా అక్కడే ఉంది. ఒకసారి దాని కుడిపక్కన నిలబడి ఆ పళ్ళు ఒకదాన్నొకటి పట్టుకుని తిరగడం చూసినవాళ్ళు మర్చిపోలేరు.

1960ల మొదట్లో ఆ రాష్ట్ర ప్రభుత్వం ఇంజన్లని, లైనుని తీసుకుని నిలబెట్టింది, 1977లో ఊరిని కూడా తీసుకుంది. కంపెనీ కట్టిన తెల్లటి చెక్క ఇళ్ళ వరసలు, కంపెనీ దుకాణం అలాగే ఉన్నాయి. ఇంజను చూడ్డానికి వచ్చినవాడు ఆ కంపెనీలో పనిచేసినవాళ్ళ ఇళ్ళు దాటుకుని వెళ్ళాలి. అక్కడ సరదా ఏమీ తగ్గలేదు.

కాస్‌కి ఒక సౌలభ్యం ఉంది. ఇంజను, ఇల్లు, మనిషి ఒక్క చోటే ఉన్నారు. చెరకు ఇంజన్ల సంగతి అలా కాదు. కార్ఖానా ఒక దేశం, తోట ఇంకో దేశం, కూలీ మూడో దేశం. ఆ ముగ్గుర్నీ కలిపే పని ఎవరిదన్న ప్రశ్నకి అందరూ పక్కవాడిని చూపిస్తారు.

వెనక్కి పంపాలా?

ఈ చెరకు ఇంజన్లు చాలావరకు పుట్టింటికి తిరిగొచ్చాయి. జావాలో ట్రాంగ్‌కిల్ చక్కెర మిల్లు కోసం హన్స్‌లెట్ 1971లో చేసిన ఇంజను, నంబరు 3902, ఆ కార్ఖానా చేసిన చివరి ఆవిరి ఇంజను. అది 2004లో ఇంగ్లండు చేరింది. దక్షిణాఫ్రికాలోని నేటాల్ తీరంలో సెజెలా ఎస్టేటుకి అవాన్‌సైడ్ 1915లో చేసిన ‘సెజెలా నంబర్ 4’ కూడా ఇంగ్లండుకే వచ్చింది. నేటాల్ అంటే మనకి ఇంకా దగ్గర. అక్కడికి మొదటి ఓడ ‘ట్రూరో’ వెళ్ళింది మద్రాసు నుంచే, 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1911 దాకా మొత్తం లక్షా యాభై రెండు వేలమంది వెళితే అందులో ఎక్కువమంది మద్రాసు వైపువాళ్ళు, తమిళులూ తెలుగువాళ్ళూ.

ఇంజన్లని ఆ దేశాలకి తిరిగి ఇవ్వాలని కొందరంటారు. నేను అంతదూరం వెళ్ళను. ఎవరూ కొనకపోతే వీటిలో చాలావాటిని పాత ఇనుముకి అమ్మేసేవారు. కొని, తెచ్చి, కొత్త బాయిలరు చేయించి నడుపుతున్నవాళ్ళ శ్రమ మామూలుది కాదు. ఆవిరి ఇంజను బతకాలంటే దాన్ని నడిపే చేతులుండాలి, ఆ చేతులు ఇప్పుడు ఎక్కువగా అక్కడున్నాయి. ఇంజను అక్కడే ఉండనివ్వండి. కాగితాలు మాత్రం అక్కడికి చేరాలి. పాసుల కాపీలు, ఆ కుటుంబాల మాటలు, ఉచిత రైలు ఎక్కినవాళ్ళ జ్ఞాపకాలు. ఇవి చేర్చడానికి ఖర్చు కూడా పెద్దగా కాదు.

మన వైపు లోటు

ఇంతసేపూ రైలు అభిమానుల్ని అడిగాను. మనల్ని మనం అడగాల్సింది ఇంకా ఉంది. ఉత్తరాంధ్రలో ‘రంగం’ వెళ్ళినవాళ్ళ కథలు ఇప్పటికీ వినపడతాయి, రంగూన్ నుంచి తిరిగొచ్చినవాళ్ళున్నారు కాబట్టి. నేటాల్, ఫిజీ వెళ్ళినవాళ్ళ సంగతి ఊళ్ళలో దాదాపు చెరిగిపోయింది. ప్రవాసాంధ్రులంటే మన పత్రికలకి డాక్టర్లు, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు. విదేశాల్లో తెలుగు సంఘం అంటే మనకి గుర్తొచ్చేది అమెరికా. ఫిజీలో చెరకు కూలీల పిల్లలు 1926లోనే తమిళులతో కలిసి సంగం పెట్టుకున్నారు, 1941లో ఆంధ్ర సంగం వేరుగా పెట్టుకున్నారు, బడులు కట్టారు. చెరకు డబ్బుతో బడి కట్టుకున్న తెలుగువాళ్ళ గురించి మన పిల్లల పాఠాల్లో ఒక పేరా కూడా నేను చూడలేదు.

రైలు అభిమానుల దగ్గర నేర్చుకోవాల్సింది ఇక్కడే ఉందనిపిస్తుంది. జీతం లేకుండా, బిరుదు లేకుండా, ఒక ఇంజను ఏ ఏడు ఏ షెడ్డులో ఉందో తేల్చడానికి వాళ్ళు పదేళ్ళు ఉత్తరాలు రాస్తారు. ఆస్ట్రేలియాలో ఇలాంటి చిన్న రైళ్ళ మీదే పనిచేసే పరిశోధన సంఘం ఒకటుంది. ఇంజను నంబర్ల జాబితా కోసం వాళ్ళు పెట్టిన శ్రద్ధలో పదో వంతు మనం పాసుల జాబితా మీద పెట్టి ఉంటే ఆక్లండు ఆవిడకి ఊరి పేరు కోసం నా దాకా రావాల్సిన పని ఉండేది కాదు.

మిత్రుడు ఒక మెట్టు దిగాడు. వాళ్ళ దగ్గర ఉన్న ఒక చెరకు ఇంజను పక్కన రెండు వాక్యాలకి చోటిప్పిస్తానన్నాడు, ఇంగ్లిష్‌లో నువ్వే రాసివ్వు అన్నాడు. తెలుగులో రాసుకుని ఇంగ్లిష్‌లో పంపాను. మొదటి వాక్యం: ఈ ఇంజను లాగిన చెరకును ఐదేళ్ళ ఒప్పందం మీద వచ్చిన కూలీలు నరికి బండ్లలోకి ఎక్కించారు, వాళ్ళలో మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు, తమిళ జిల్లాల వాళ్ళు ఉన్నారు. రెండోది: వాళ్ళ ఎమిగ్రేషన్ పాసులు ఇప్పటికీ ఉన్నాయి, కింద ఒకటి చూడండి. పాసు కాపీ పెట్టడానికి ఆవిడ ఒప్పుకుంది, ముత్తాత పేరు కనపడేలాగే పెట్టమంది.

ఇక ఊరి పేర్ల పని. 1900, 1916 మధ్య విశాఖపట్నం, గోదావరి, కృష్ణా జిల్లాల్లో ఏ తాలూకాలో ఏ గ్రామాలున్నాయో, వాటిని ఇంగ్లిష్‌లో ఎన్ని రకాలుగా రాసేవారో ఒక పట్టిక తయారుచేస్తున్నాను. సర్వసిద్ధి, గోలుగొండ, వీరవల్లి తాలూకాలతో మొదలుపెట్టాను. పాత సెటిల్‌మెంట్ రిజిస్టర్లు, కరణాల లెక్కలు, తాతల కాలం నాటి భూమి పట్టాలు మీ ఇంట్లో ఉంటే ఊరి పేరున్న పేజీ ఒక్కటి ఫోటో తీసి పంపండి. ఇంటిపేరు కూడా రాయండి.